తిరగరాసిన పుట

అమెరికాలో యూటా ఎర్రకొండల కింద ఉన్న ఆ ఊళ్లో వంశావళి పుస్తకం రాసేది ఓర్ఫా ఒక్కతే. భర్త పోయాడు, పిల్లల్లేరు, అరవై దాటాయి. పుస్తకం మొదటి పుటలో ఆమె ముత్తవ్వ మారెన్ పేరుంది. డెన్మార్కులో ఓడెక్కి, ఈ గడ్డమీద దిగి, తోపుడుబండి ఈడుస్తూ వెయ్యి మైళ్లు నడిచి, దారిలో పసిగుడ్డును పూడ్చిపెట్టి వచ్చిన మనిషి. తర్వాత వాళ్ల మతంవాళ్లైన మోర్మన్ల పెద్ద సంఘం ఒక మగాడికి ఒక్క పెళ్లామే చాలంది. చాలదన్న మగాళ్లు విడిపోయి ఈ కొండల్లో దూరారు. ఆడవాళ్లను ఎవరూ అడగలేదు.

పుస్తకంలో పేరుంటేనే పరలోకంలో కుటుంబం కలుస్తుందని వాళ్ల నమ్మకం.

ఇరవై ఏళ్ల కిందట ఓర్ఫా తమ్ముడు వెర్డెల్, ఊరిని ఏలే మతపెద్ద ‘ప్రవక్త’ మాటకు ఎదురు చెప్పాడు. మర్నాడు కంచె అవతలికి గెంటేశారు. గొడ్లకు చెవిగుర్తు మార్చినట్టు అతని ఇద్దరు భార్యలను ఇద్దరు మగాళ్లకు రాసిచ్చారు. పెద్దామె ట్విలాతో రెండేళ్ల కొడుకు లోరిన్, చిన్నామెతో ఆరునెలల కూతురు నాడీన్ వెళ్లారు. పుస్తకంలో ఆ పిల్లల తండ్రి పేరు మార్చే పని ఓర్ఫా మీద పడింది. బ్లేడుతో గీకింది. గీకిన చోట మరక కనబడుతోందని, పుట మొత్తం కొత్త కాగితం మీద తిరగరాసి కుట్టింది, పాతది పొయ్యిలో వేసింది. అంత మంచి రాత ఆమెది. వెలివేసినవాడి పేరెత్తడం అప్పట్నుంచి పాపం.

ఈ సోమవారం ప్రవక్త ఓ పెళ్లి కుదిర్చాడు. లోరిన్‌కి నాడీన్.

ఓర్ఫా పరుగున వెళ్లింది. ప్రవక్త సీసాలోంచి పీచుపండ్లు తీసుకుని తింటున్నాడు.

“పెద్దయ్యా, వాళ్లిద్దరూ ఒక్క తండ్రి బిడ్డలు.”

“పుస్తకం ఏమంటోంది?”

“అది నేను రాసిందేగా.”

“నీ చేత రాయించింది దేవుడు. పేరు మారినప్పుడే నెత్తురూ మారింది. వయసు మీదపడింది ఓర్ఫా, ఎండలో తిరక్కు.”

ట్విలా దగ్గరికి పోయింది. ఆమె బట్టలు ఆరేస్తోంది.

“నీ కొడుకే కదే. నువ్వైనా నోరు విప్పు.”

“విప్పితే? నాకింకో అయిదుగురున్నారు. వాళ్లని ఎవరికి రాస్తావో ముందే చెప్పు, సర్ది పంపిస్తాను.”

ఓర్ఫా నాడీన్ ఇంటికి నడిచింది.

తల్లి లేని పిల్ల నాడీన్. ఒంటరిగా పెళ్లిగౌను అంచు కుట్టుకుంటోంది.

“తల్లీ, నేను నీ మేనత్తను. లోరిన్ నీకు అన్న.”

నాడీన్ నవ్వింది. “సిస్టర్ ఓర్ఫా, బడిలో మా వంశాలు బట్టీ పట్టించింది మీరే కదండీ. తప్పు చెబితే స్కేలుతో కొట్టారు కూడా.” కళ్లు మూసుకుని ఏడు తరాలు గడగడా అప్పజెప్పింది. ఎక్కడా తప్పు పోలేదు. వాటిలో వెర్డెల్ లేడు.

“అది అబద్ధం. నేనే మార్చాను.”

“మీ రాతలో కొట్టివేత ఒక్కటీ ఉండదంటారు ఊళ్లో అందరూ. మా పెళ్లి కూడా మీరే రాయాలి.”

గురువారం పెళ్లిలో రాసింది. అందరూ చూస్తుండగా, పెళ్లికొడుకు తండ్రి వెర్డెల్, పెళ్లికూతురి తండ్రి వెర్డెల్ అని పెద్ద అక్షరాలతో రాసింది. ప్రవక్త పుస్తకం లాక్కుని బ్లేడుతో తానే గీకాడు. ఆయనకు ఆ పని రాదు. కాగితానికి రెండు చిల్లులు పడ్డాయి.

నాడీన్ ఆ చిల్లుల వంకే చూస్తూ నిలబడింది. ప్రమాణం చెప్పమన్నారు. చూపు తిప్పకుండానే చెప్పింది.

పొద్దుగూకకముందే ఓర్ఫాను కంచె దాటించారు. ఆమె పేరు గీకడానికి మంచి చెయ్యి కోసం ఊళ్లో వెతుకుతున్నారు.