అద్దంలో చూసి తీసేసిన మెయిలు

ఆ రోజుల్లో నేను దయ్యాలకు భయపడేవాణ్ని కాదు, మనుషుల వేళ్ళకు భయపడేవాణ్ని. మౌసు మీద వేలు పెట్టుకుని కూర్చున్న మనిషి కనబడితే చాలు, గుండె గుభేలుమనేది. రాతి విగ్రహాలు చేసి అమ్మే ఒక చిన్న కంపెనీలో అప్పుడే చేరాను. ఆఫీసు నంద్యాలలో, శిల్పులు పనిచేసే షెడ్డు ఆళ్ళగడ్డలో. మెయిళ్ళలో వచ్చే దొంగ లింకులను మావాళ్ళెవరూ నొక్కకుండా చూడటమే నా ఉద్యోగం. పొద్దస్తమానం 'నొక్కద్దు, నొక్కద్దు' అని అందరి వెంటా పడేవాణ్ని గనుక నాకు 'నొక్కద్దప్ప' అని పేరు పెట్టారు. (ఉద్యోగం కాగితంలో 'సిస్టమ్స్ ఇన్‌ఛార్జి' అని ఉండేది. మా అమ్మ ఆ మాటను వీధి వీధంతా చెప్పుకుని వచ్చింది.)

ఒకరోజు పొద్దున ఆఫీసులో కంప్యూటర్ తెరిస్తే మా పెద్ద శిల్పి దగ్గర్నుంచి మెయిలు వచ్చి ఉంది. 'ఇది ఒకసారి చూడండి' అని ఒక్క ముక్క, దాని కింద నీలిరంగు లింకు. విగ్రహం పూర్తయినప్పుడల్లా ఫొటోలు పెట్టి అచ్చం అలాగే రాసేవాడాయన. చిక్కల్లా ఏమిటంటే ఆయన ఎండాకాలంలోనే పోయాడు. దినాలకు వెళ్ళి భోజనం చేసి వచ్చినవాణ్ని నేను. ఆయన అకౌంటు మూసేస్తానని అప్పుడే అడిగాను కూడా. మేనేజరు అంతెత్తున లేచాడు. "ఏడాది తిరక్కుండానే పోయినోళ్ళ పేరు తీసేస్తారాప్పా? మనిషి పుట్టుక పుట్టినావా లేదా?" అన్నాడు. ఆ పేరు అలాగే ఉండిపోయింది, ఏ దొంగో దాని పాస్‌వర్డ్ పట్టేశాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాను.

మెయిలు అందరికీ వెళ్ళింది. లెక్కలు చూసే అక్క "ప్రభువా" అని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, మానిటర్ ఆపేసి, దాని మీద చున్నీ కప్పేసింది. మేనేజరు గొంతు తగ్గించి, "ఆయనకేమన్నా కావాల్నేమో, ఒక మాట అడగరాదా?" అన్నాడు. ఎవర్ని అడగను, ఎక్కడికని రాయను!

అసలు భయం ఆళ్ళగడ్డది. పెద్దాయన గీసిన విగ్రహాల బొమ్మల కాగితాలన్నీ చెదలు తినేశాయి. మిగిలినవి షెడ్డు కంప్యూటర్‌లో ఎక్కించినవే, ఇంకెక్కడా లేవు. ఆ లింకు నొక్కితే అవన్నీ మళ్ళీ తెరుచుకోకుండా పోతాయి. ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది ఆయన కొడుకు. ఉరుకులు పరుగుల మీద ఫోన్ చేశాను.

"అన్నా, నాయన పేరుతో వచ్చిన మెయిలు ముట్టుకోవద్దు."

"ఎందుకు ముట్టగూడదప్పా? అమ్మవారికి కండ్లు తెరవకుండానే పాయ మా నాయన. ఆ కొలతేమన్నా చెప్తాండాడేమో."

"దాన్ని తెరిస్తే అనర్థం అన్నా. ఆయన గీసిన బొమ్మలు ఒక్కటి మిగలవు."

"అట్లయితే బేగా రా. నువ్వొచ్చేదాకా ముట్టను" అన్నాడు.

అకౌంటు ఇక్కడే మూసేశాను గాని మెయిలు అప్పటికే ఆ కంప్యూటర్‌లోకి దిగిపోయింది. బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం, పనివాళ్ళు అన్నాలకు పోయారు. ఎప్పుడూ ఉలి చప్పుడుతో చెవులు పగిలే షెడ్డులో చీమ చిటుక్కుమనడం లేదు. అన్నిటి మీదా తెల్లటి రాతిపొడి. వరసగా నిలబెట్టిన విగ్రహాలు, ఇంకా కళ్ళు చెక్కని నున్నటి మొహాలు. నేను ఎటు నడిస్తే అటు తిరుగుతున్నట్టే ఉన్నాయవి. మూలన కంప్యూటర్ వెలుగుతోంది. దానికి ఎదురుగా నిలువెత్తు అద్దం! పక్కన తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని కొడుకు.

"ఇదేందన్నా?"

"కొత్త విగ్రహానికి కండ్లు తెరిచేటప్పుడు ఎదురుగా నిలబడం. ఈపు తిప్పుకొని, అద్దంలో చూస్తా తెరుస్తాం. మొదటి చూపు ఎవురి మీదా పడగూడదు. తెరిస్తే అనర్థమని నువ్వే అంటివి గదా? దీనికీ అంతే."

"అన్నా, పంపింది మీ నాయన కాదు. ఆయన పేరు దొంగిలించిన వాడెవడో" అన్నాను.

"నాకు తెలీదా ఏందప్పా? మట్టి చేసింది నేనే గదా. పొద్దున్నే ఆయన పేరు కనపడె. తీసేద్దామంటే చెయ్యి రాలా. నువ్వు తియ్యి. అద్దంలోనే తియ్యి."

సరే, మౌసు ఒళ్ళోకి లాక్కుని కంప్యూటర్‌కు వీపు పెట్టి కూర్చున్నాను. అద్దంలో పెద్దాయన పేరు తిరగబడి కనబడుతోంది, నా భుజం వెనక కళ్ళు లేని మొహాలు. (భయపడలేదని రాద్దామనే ఉంది గాని, ఇది మా ఆవిడ కూడా చదువుతుంది.) ఒక పక్క తీసేసే గుర్తు, ఇంకో పక్క లింకు. మౌసు కుడికి జరిపితే బాణం ఎడమకు పోతోంది. కంగారులో ఇంకా జరిపాను. అది తిన్నగా లింకు మీదికెక్కి కూర్చుంది. నా వేలు కిందికి దిగబోయింది.

"ఆగు!"

నా చేతి మీద పెద్దాయన కొడుకు చెయ్యి పడింది. "అద్దంలో ఎటు కనపడితే దానికి అవతలికి పో. మెల్లగా." ఎందరు దేవుళ్ళకు కళ్ళు తెరిచిన చెయ్యో అది. ఇద్దరం కలిసే జరిపాం, కలిసే నొక్కాం. తిరగబడిన పేరు మాయమైంది. ఆయన చెయ్యి తియ్యలేదు.

"పాయనా?"

"పోయిందన్నా. బొమ్మలు భద్రంగా ఉన్నాయి."

తల ఊపి, అద్దం మొహాన్ని గోడవైపు తిప్పేసి, షెడ్డు బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

ఇప్పుడు పెద్ద కంపెనీలో ఉన్నాను. లింకులను మనుషులకంటే ముందు యంత్రాలే చూసుకుంటాయి. కొత్తగా చేరినవాళ్ళకు 'పేరు చూసి నమ్మకండి' అని పాఠం చెబుతాను, వాళ్ళు ఆవలిస్తారు. అప్పటి ఆ కుర్ర నొక్కద్దప్పను తలుచుకుంటే నవ్వొస్తుంది. దొంగను పట్టి ఆపేశానని ఈల వేసుకుంటూ నంద్యాల బస్సెక్కాడు, పిచ్చి సన్నాసి. ఒక కొడుకు తండ్రిని రెండోసారి సాగనంపుతుంటే పక్కన కూర్చుని వచ్చానని వాడికి తట్టనే లేదు. నిరుడు మా నాయన పోయాక, ఫోన్‌లో ఆయన నంబరు తీసేద్దామని కూర్చున్నాను. నా చెయ్యి కూడా రాలేదు.