రాతిపీతకు పేరు

మిషన్ బడిలో దావీదు మేష్టారు చెప్పేది లెక్కలు. ప్రాణమంతా పీతల మీద. నేను అదే బడిలో తెలుగు పండితుణ్ణి, యాజుల్ని. పీతను చూస్తేనే స్నానం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి. అయినా ఆయన పక్కన కూర్చున్న పాపానికి నర్సీపట్నం చుట్టుపక్కల ఎన్ని రకాల పీతలున్నాయో నాకూ వచ్చేసింది. పిల్లలెవరైనా ఉత్త ‘పీత’ అంటే ఆయన ఊరుకునేవారు కాదు. పొలం పీతా, ఏటి పీతా, ఆడదా, మగదా చెప్పేదాకా నిలబెట్టేవారు. పొట్ట కింది మడత వెడల్పుగా ఉంటే ఆడది, సన్నగా ఉంటే మగది.

1926 వేసవిలో, చేపలు పట్టే అప్పలకొండ గొలుగొండ వైపు కొండవాగులో ఎర్రటి రాతిపీతను పట్టి తెచ్చాడు. మేష్టారి పుస్తకాల్లో దానికి పేరు లేదు. స్పిరిట్ సీసాలో పెట్టి, పీతలకు పేర్లు నిర్ణయించే ఒక దొరకు కలకత్తా పంపారు. ఇది ఆడది, దీన్నిబట్టి తేల్చలేం, కాళ్లన్నీ ఉన్న మగదాన్ని పంపండి, కొత్త రకమైతే మీరు కోరిన పేరే పెడతాం అని జవాబు. ఆ ఉత్తరం ఆయన నాకు నాలుగుసార్లు చదివి వినిపించారు.

కోరిన పేరు దయావతి. ఆయన భార్య. ఆవిడకు అప్పటికే క్షయ ముదిరింది. రెండు నెలలుగా నోటికి ఏదీ సహించడం లేదు. మా వైపు క్షయలాంటి రొమ్ము జబ్బులకు రాతిపీతను దంచి, మిరియాలు వేసి రసం కాచి ఇస్తారు.

ఆషాఢంలో ఒక పొద్దున్న అప్పలకొండ మగపీతను తెచ్చాడు. ప్రాణంతో ఉంది, ఒక్క కాలు కూడా విరగలేదు. నేను అక్కడే ఉన్నాను. మంచం మీంచి దయావతమ్మ దాన్ని చూశారు.

“రసం కాసియ్యండి. తాగాలనుంది.”

“ఇది మగది, దయావతీ. దీనికి నీ పేరు పెడతారు. రేపు అప్పలకొండ ఇంకోటి తెస్తాడు.”

“పేరు నాకేటికండీ,” అని ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నారు.

మేష్టారు పీతను సీసాలో వేసి స్పిరిట్ పోశారు. నేను చూస్తూ కూర్చున్నాను. ఇచ్చెయ్యవయ్యా అని ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది? ఆయన మీద కన్నా నా మీదే నాకు కోపం.

మర్నాడే ముసురు పట్టింది. వాగు పొంగింది. అప్పలకొండ తొమ్మిది రోజులు అటు వెళ్లలేకపోయాడు. పదో రోజున రెండు పీతలతో వచ్చేసరికి మేము దయావతమ్మను సమాధి చేసి తిరిగొస్తున్నాం. ఆ రసం ఆవిడను బతికించేది కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కానీ ఆవిడ అడిగింది అదొక్కటే.

క్రిస్మస్ ముందు కలకత్తా నుంచి ఉత్తరం వచ్చింది. పీత కొత్తది కాదట. నలభై ఏళ్ల కిందటే ఎవరో దొర దానికి తన స్నేహితుడి పేరు పెట్టేశాడట. మంచి నమూనా పంపినందుకు కృతజ్ఞతలట. మేష్టారు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని క్లాసుకెళ్లి భిన్నాలు చెప్పారు.

మళ్లీ వానాకాలం వచ్చింది. అప్పలకొండ అలవాటుగా బడి గుమ్మం దగ్గర బుట్ట దించి మూత తీశాడు.

“ఇదేటి రకం మేస్టారూ?”

ఆయన బుట్టలోకి చూడలేదు.

“పీత,” అన్నారు. “బేగి ఇంటికి పట్టుకెళ్లి రసం కాసి పెట్టు, ఎవరడిగితే వాళ్లకి.”