వాక్యంలో మనింటి మనిషి

పార్సిల్ ఆఫీసు ఫిర్యాదుల సెక్షన్లో కూర్చునే దొరసాని ఇంగ్లీషు చూసి కొత్తగా చేరినవాళ్ళు జంకుతారు. పగిలిన గాజుసామాను గురించి, తడిసి ముద్దయిన అట్టపెట్టెల గురించి నానా మాటలూ రాసేవాళ్ళకు ఆవిడ ఎంత మర్యాదగా జవాబిస్తుందంటే, తిట్టినవాడే సిగ్గుపడి క్షమించమని తిరిగి రాస్తాడు. ఏ కాలేజీలో చదివారండీ అని అడుగుతారు. ఇంట్లోనే, మా వదిన చదివించింది అంటుంది. వదినగారు టీచరా అంటే, కాదు, ఇస్త్రీ షాపులో పనిచేసేది అని చెప్పి, ఆ వెంటనే మాట మార్చేస్తుంది. మాట మార్చడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు. ఇంగ్లీషు కష్టపడి నేర్చుకుంది గాని, ఈ విద్య మాత్రం పుట్టుకతోనే వచ్చింది. దానివల్ల ఆవిడకు జరిగిన నష్టమే ఈ కథ.

ఇంగ్లీషు చదువు చూసి దొరసాని అని ముద్దుపేరు పెట్టింది కూడా వదినే. ఆ చదువు మొదలయ్యేనాటికి ఆ ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే. అన్నయ్య పెద్ద పెద్ద భవనాలకు రంగులు వేసేవాడు. తల్లీ తండ్రీ లేని చెల్లెల్ని తనే పెంచాడు. ఒకరోజు పరంజా మీద నుంచి జారిపడ్డాడు. ఆస్పత్రిలో సాయంత్రం దాకా తెలివిలోనే ఉన్నాడు. పక్కన ఉన్నది వదిన ఒక్కతే. చెల్లెలు ఏదో ఉద్యోగం ఇంటర్వ్యూ అని వేరే ఊరు వెళ్ళి, తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. వదిన పుట్టింటివాళ్ళు వచ్చి మాతో వచ్చెయ్యమన్నారు. "పిల్లను ఎక్కడ పారేసి రమ్మంటారు?" అని ఒక్క ముక్క అడిగి వాళ్ళను పంపేసింది. అప్పటికే ఆ పిల్లకు పాతికేళ్ళు దాటాయి. అయినా వదిన కంటికి పిల్లే.

ఆ రోజు ఆస్పత్రిలో అన్నయ్య చెల్లెలి కోసం కొన్ని మాటలు చెప్పాడు. అవి వదిన దగ్గర ఉన్నాయి. కాని ఆ రోజు గురించి ఎవరు ఎత్తినా దొరసాని లేచి వెళ్ళిపోయేది. నీళ్ళు పట్టాలనో, బట్టలు తీయాలనో ఒక వంక. వదిన ఒకటి రెండుసార్లు మొదలుపెట్టి, ఆ పిల్ల ముఖం చూసి ఆపేసింది. ఎప్పుడో ఒకప్పుడు తనే అడుగుతుందిలే అనుకుంది. అలా అనుకుంటూ ఏళ్ళు గడిచిపోయాయి.

దొరసాని పార్సిల్ ఆఫీసులో లేబుళ్ళు అంటించే పనిలో చేరింది. రోజంతా టేపు చుట్టలతో, జిగురుతో కుస్తీ. పైకి వెళ్ళాలంటే ఇంగ్లీషు పరీక్ష ఒకటి ఉంది. కొరుకుడు పడని మాటలు ఇచ్చి అర్థం రాయమంటారు, వాక్యంలో వాడమంటారు. రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పింది. మూడోసారి రాయనని పుస్తకం అటక మీద పడేస్తే, వదిన స్టూలు వేసుకుని ఎక్కి దించింది. లావుపాటి పుస్తకం. ఎ నుంచి జెడ్ దాకా మాటలు, పక్కన తెలుగులో అర్థం, కింద ఉదాహరణకు ఒక వాక్యం. వదినకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. తెలుగు మాత్రం దుకాణాల బోర్డుల దగ్గర్నుంచి పొట్లాల కాగితాల దాకా దేన్నీ వదలదు.

"అర్థం నేను చదువుతాను. మాట నువ్వు చెప్పు. తర్వాత వాక్యం చెప్పు. దాన్ని మళ్ళీ నాకు తెలుగులో చెప్పాలి, బాగుందో లేదో నేను చూస్తా."

ఆమె పెట్టిన నియమాలు రెండు. మొదటిది, పుస్తకంలోని వాక్యాలు పనికిరావు. వాటినిండా రాజులు, మంత్రులు, మునిగిపోయే ఓడలు. "వీళ్ళెవరూ మనకు తెలియదు. తెలియనివాళ్ళ గురించి ఏం గుర్తుంటుంది? వాక్యంలో మనింటి మనిషి ఒక్కరైనా ఉండాలి" అంది. రెండోది, ముందు పేజీలు తిప్పి చూడకూడదు. దొరసాని దేన్నయినా చివర చూసి, అమ్మో ఇంత ఉందా అని బెంబేలుపడి మానేసే రకం. కుట్టుపని అలాగే మానేసింది, టైపింగూ అలాగే మానేసింది. అందుకని ఇంకా చదవని పేజీలన్నిటినీ కలిపి వదిన ఒక బట్టల క్లిప్పు పెట్టింది. రోజూ షాపు నుంచి వచ్చి, టీ తాగి, క్లిప్పు తీసి ఒక్క పేజీ వదిలి మళ్ళీ పెట్టేది.

"ఖర్చు విషయంలో చాలా పొదుపుగా ఉండే," అని చదివేది వదిన.

"ఫ్రూగల్. మా వదిన చాలా ఫ్రూగల్, అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికించి వాడుతుంది."

"అది నిజమే. రాసుకో." అనేది. ఐ దగ్గరికి వచ్చాక ఒకరోజు, "లేకపోతే పని జరగని."

"ఇన్‌డిస్పెన్సబుల్. ఇస్త్రీ షాపుకి మా వదిన ఇన్‌డిస్పెన్సబుల్."

"షాపుకేనా? మరి నీకు?"

"నాకు న్యూసెన్స్."

"అది ఎన్ కదటే. మనమింకా ఐ దగ్గరే ఉన్నాం. ముందుకు తిప్పి చూశావన్నమాట, దొంగా."

ఎవరూ వినకపోయినా ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ ఇంట్లో అన్నయ్య పోయాక మళ్ళీ నవ్వు వినిపించింది ఆ పుస్తకం పుణ్యమా అనే.

ఎల్ దగ్గర ఉండగా వదినకు కడుపునొప్పి మొదలైంది. ఆమె దాన్ని లెక్కచేయలేదు. నిలబడి చేసే పని, నొప్పులు రాకేం చేస్తాయి అంది. ఒకరోజు కాలరు ఇస్త్రీ చేస్తూ చేస్తూ బల్ల పట్టుకుని కింద కూర్చుండిపోయింది. పెట్టె కింద ఉన్న చొక్కా మాడి వాసన వచ్చేదాకా ఎవరూ చూడలేదు. పరీక్షలు చేశారు. కడుపులో గడ్డ, కాలేయం దాకా పాకింది.

డాక్టరు చిన్నవాడు, మంచివాడు. కాగితాలన్నీ చూసి, కళ్ళజోడు తీసి, "ఇక నుంచి పాలియేటివ్ కేరేనమ్మా. నొప్పి లేకుండా మేం చూసుకుంటాం" అన్నాడు. ఆ మాటకు అర్థం, ఇక జబ్బు నయం కాదు, బాధ మాత్రం తగ్గిస్తాం అని. డాక్టరు తనకు తెలిసిన తీరులో ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. వదిన దొరసాని వైపు చూసింది, అడగవే అన్నట్టు. దొరసానికి ఆ మాట తెలియదు. పి అక్షరానిది, క్లిప్పు అవతలి మాట. కాని ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చదువుతున్న మనిషి డాక్టరు ఎదుట తెలియదని ఎలా అంటుంది? తలూపి, "ఎస్ డాక్టర్" అంది.

బయట వరండాలో వదిన అడిగింది. "ఏమన్నాడు?"

"నొప్పి తగ్గే మందు ఇస్తాడట. మంచి మందట." ఆ మంచి అన్న మాట డాక్టరు అనలేదు, తను కలిపింది.

చేతిలో ఫోను ఉంది. అడిగితే అదే చెబుతుంది. ఆఫీసులో బీరువా నిండా డిక్షనరీలున్నాయి. దొరసాని దేన్నీ ముట్టుకోలేదు. పుస్తకంలో వచ్చినప్పుడు చూద్దాం, వదిన పెట్టిన నియమం కదా అనుకుంది. నియమం మీద అంత గౌరవం ఆమెకు అంతకుముందు ఎన్నడూ లేదు. భయం మనిషి చేత ఎంత క్రమశిక్షణ పాటింపజేస్తుందో చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మందు నిజంగానే పనిచేసింది. నొప్పి తగ్గింది, వదిన రాత్రిళ్ళు నిద్రపోయింది, కాస్త తినగలిగింది. షాపుకెళ్ళి ఓ గంట చొక్కాలు మడతలు కూడా పెట్టి వచ్చింది. దొరసాని కనిపించిన వాళ్ళందరికీ మా వదినకు బాగయిపోతోంది అని చెప్పుకుంది. ఒక్క చదువు మాత్రం ఎమ్ దాటలేదు. "పాతవి మర్చిపోతున్నా వదినా, మళ్ళీ ఎ నుంచి చూసుకుందాం" అనేది. సి దాకా వచ్చి, మళ్ళీ ఎ. క్లిప్పు ఉన్నచోటే ఉండిపోయింది.

వదినకు విషయం తెలుసు. మందులిచ్చే కిటికీ దగ్గర నర్సును పక్కకు పిలిచి అడిగితే, ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని తెలుగులోనే చెప్పేసింది. వదినకు అప్పుడు తన చావు కంటే భర్త చెప్పిపోయిన ఆ మాటల మీదే ధ్యాస పుట్టింది. తను పోతే అవీ పోతాయి.

"అమ్మాయ్, మీ అన్నయ్య ఆ రోజు ఆస్పత్రిలో..." అని మొదలుపెట్టింది ఒక సాయంత్రం, పుస్తకం ఒళ్ళో పెట్టుకునే.

"ఇప్పుడెందుకు వదినా అవన్నీ. నీకు బాగవుతోంది కదా. బాగయ్యాక తీరిగ్గా చెబుదువుగాని." దొరసాని టీ గిన్నె కడగడానికి లేచింది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

ఇంకోసారి, దుప్పటి మడతపెడుతూ వదిన, "నేను లేనప్పుడు నీకు తెలియాలి కదే" అంది. దొరసాని మండిపడింది. "నువ్వు లేకపోవడమేంటి? ఆ మాట ఇంకోసారి అన్నావంటే నేను పరీక్షా రాయను, ఏమీ రాయను." పరీక్ష పేరు చెబితే వదిన నోరు మూతపడుతుందని ఆమెకు తెలుసు. అలాగే మూతపడింది. పుస్తకమే చెబుతుందిలే, పి దాకా వస్తే దానికే అర్థమవుతుంది అనుకుని వదిన సరిపెట్టుకుంది. ఎన్‌కు పోదాం పద అని బతిమాలింది, కసిరింది, ఒక పూట అలిగింది. దొరసాని ఎ దగ్గరే కూర్చుంది.

వానలు మొదలయ్యేసరికి వదిన మంచం దిగడం మానేసింది. నొప్పి మందుకు లొంగక, డాక్టరు మోతాదు పెంచాడు. కొత్త మందుకు మత్తు ఎక్కువ. పరీక్ష వారంలోకి వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, కొంచెం తేటగా ఉన్నప్పుడు, వదిన పుస్తకం ఇమ్మంది. వేళ్ళలో బలం లేక క్లిప్పు రెండు చేతులతో తీసింది. ఎన్ చూడలేదు, ఓ చూడలేదు. తెలుగు అర్థాల మీద వేలు పెట్టుకుంటూ పేజీలు తిప్పుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

"జబ్బును నయం చేయకపోయినా, బాధను తగ్గించేది," అని చదివింది. "మాట చెప్పు."

దొరసాని దుప్పటి అంచు సర్దింది.

"నీకు వచ్చు. డాక్టరు అన్నాడు కదా. చెప్పు."

"పాలియేటివ్" అంది దొరసాని.

"వాక్యం."

"ఇప్పుడొద్దు వదినా."

"వాక్యం చెప్పమ్మా. మనింటి మనిషి ఉండాలి."

దొరసాని నీళ్ళు తెస్తానని లేవబోయింది. వదిన చెయ్యి పట్టుకుని ఆపి, వాక్యం తనే తెలుగులో చెప్పింది. "మా వదినకు ఇస్తున్న మందు జబ్బు తగ్గడానికి కాదు, నొప్పి తగ్గడానికి. దీన్ని ఇంగ్లీషులో పెట్టు." దొరసాని పెట్టింది. ఒక్కొక్క మాటే వెతికి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి, తప్పు లేకుండా చెప్పింది. చివరి మాట అయ్యాక మంచం పట్టె మీద తల ఆనించి ఏడ్చింది. ఇన్ని నెలలు దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. వదిన ఆమె తల నిమురుతూ కూర్చుంది.

చాలాసేపటికి దొరసాని తల ఎత్తింది. "ఆ రోజు అన్నయ్య ఏమన్నాడు వదినా?"

అన్నేళ్ళలో ఆమె అడగడం అదే మొదటిసారి. వదిన ముఖం వెలిగింది. "నీ గురించేనే," అంది. "నిన్ను తలుచుకుని... ఏమన్నాడంటే..." అని ఆగింది. మందు వేసుకుని అప్పటికి గంటయింది. రెప్పలు వాలిపోతుంటే బలవంతాన ఎత్తుకుంది. "కొంచెం ఓపిక రానీ. చెబుతా." అలాగే నిద్రలోకి జారిపోయింది.

మర్నాటి నుంచి దొరసాని సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చుంది. పరీక్ష రోజు వచ్చింది, పోయింది; అది రాసి ఫిర్యాదుల సెక్షన్లోకి వెళ్ళింది మరుసటి ఏడాది. వదిన మెలకువ వచ్చినప్పుడల్లా ఆమె అడిగేది. వదిన చెప్పబోయేది. కాని మందు మాటలన్నిటినీ కలిపేసింది. అన్నయ్య అని మొదలుపెట్టి, కాలరుకు గంజి ఎక్కువైందనేది. ఆస్పత్రి అని, ఆ నీలం చొక్కా ఎవరిదో అడిగి ఇచ్చెయ్యమనేది. మందు తగ్గిద్దామా అంటే నొప్పికి మెలికలు తిరిగిపోతుంది. దొరసాని ఆ మాట డాక్టరును అడగనైనా అడగలేదు. తను వినని ఒక్కొక్క సాయంత్రం ఇప్పుడు గుర్తొచ్చి ఆమె గుండెల్లో గుచ్చుకునేది.

ఒక మధ్యాహ్నం వదిన ఉలిక్కిపడి లేచింది. కళ్ళనిండా కంగారు. కుడిచెయ్యి దుప్పటి మీద ముడతలు సాపుచేస్తూ అటూ ఇటూ తిరుగుతోంది. "నీకు చెప్పాల్సింది ఒకటి ఉండిపోయిందమ్మాయ్," అంది. "ఏమిటది? చెప్పాలి. ఎంత వెతికినా దొరకడం లేదు. అది చెప్పకుండా ఎలా పోను?" ఊపిరి అందక ఎగపోస్తోంది. నొప్పి కంటే అది ఎక్కువ బాధపెడుతోందని చూస్తూనే తెలుస్తోంది.

గుర్తు తెచ్చుకో వదినా, ఒక్కసారి గుర్తు తెచ్చుకో అని అడగాలని దొరసానికి నాలుక చివరి దాకా వచ్చింది. ఇంకొక్కసారి అడిగితే దొరుకుతుందేమో. ఆమె ఆ కంగారు కళ్ళలోకి చూసింది.

"చెప్పేశావు వదినా" అంది.

"చెప్పానా?"

"నిన్న చెప్పావుగా. ఆ రోజు అన్నయ్య అన్నవన్నీ చెప్పావు."

"అన్నీ?"

"అన్నీ."

"లేచి వెళ్ళిపోలేదు కదా?"

"లేదు. ఇక్కడే కూర్చుని విన్నాను."

వదిన ఆమె ముఖం వంకే చూసింది. "ఏడ్చావా?"

"ఏడ్చాను."

"ఏడుస్తావనే ఇన్నాళ్ళూ చెప్పలేదు," అంది వదిన. దుప్పటి మీద చెయ్యి ఆగిపోయింది. ఊపిరి నెమ్మదించింది. కాసేపటికి నిద్రపోయింది. ఆ తర్వాత బతికి ఉన్న నాలుగు రోజులూ ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, దొరసాని అడగలేదు.