గంపలో కలిసిన నల్ల వడ్లు

నా చిన్నప్పుడు మా ఊళ్లో విత్తనాల పండుగ వచ్చిందంటే నాకు కాళ్లు నేలమీద ఆగేవి కావు. తొలకరికి ముందు ప్రతి ఇంటి నుంచీ గుప్పెడు విత్తనాలు తెచ్చి, ఒకే గంపలో కలిపి అమ్మవారి ముందు పెట్టేవారు. పూజయ్యాక వాటినే తలా ఇంత పంచుకుని, పొలంలో మొదట వాటినే చల్లేవారు. ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చే పని మా నాయనమ్మది. గంప మోసే పని నాది, మోయలేక సణిగే పని కూడా నాదే.

ఒక ఏడు మా పొలాలు దాటాక అడవిలో, రాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి వచ్చిన కొన్ని కుటుంబాలు గుడిసెలు వేసుకున్నాయి. అక్కడి గొడవలకు భయపడి, మిరప కోతల పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. మా మాటే వాళ్ల మాట, మా దేవతే వాళ్ల దేవత. అయినా రాష్ట్రం దాటినందుకు వాళ్లకు రేషన్ లేదు, కులం సర్టిఫికెట్ లేదు. వానలు పడేలోగా గుడిసెలు తీసెయ్యాలని అటవీశాఖ వాళ్లు చెప్పి వెళ్లారు. ఊరు తన హద్దులో చోటిస్తే ఉండొచ్చు, పిల్లలు బడికి రావచ్చు. ఆ మాట చెప్పాల్సింది మా ఊరి పెద్ద. ఆయనేమో మన బోరింగు నీళ్లు మనకే చాలవని మొండికేశాడు. ఆ గుడిసెల్లో నా ఈడు పిల్ల ఒకతె నాకు నేస్తం. అది వెళ్లిపోతుందని నేను అన్నం మానేసి ఏడ్చాను.

నాయనమ్మ నన్ను ఓదార్చలేదు. పండుగనాడు పొద్దున్నే గంప నా నెత్తిన పెట్టి, ఊళ్లోకి కాకుండా అడవి దారి పట్టింది. నా నేస్తం వాళ్లమ్మ కొంగు ముడి విప్పి గుప్పెడు నల్ల వడ్లు పోసింది. ఇల్లూ గొడ్డూ వదిలి వచ్చినా, ఆ విత్తనం మాత్రం వదల్లేదట. ఆ తర్వాతే ఊళ్లోకి వచ్చి, అందరి గింజలూ వాటిపైన పోయించింది నాయనమ్మ.

పూజయ్యి పంపకం మొదలయ్యాక, ఊరి పెద్దాయన తన దోసిట్లో నల్ల గింజలు చూసుకున్నాడు.

"ఏందివి? మన ఊళ్లె నల్ల వడ్లు ఎవలు పండిస్తరు?"

ఆయన నాయనమ్మకు వరసకు మరిది. "గా గుడిసెలోళ్లవి. నచ్చకుంటె ఏరి పడెయ్ మరిదీ," అంది నాయనమ్మ.

అమ్మవారి ముందు కలిపాక గింజ ఏరడమంటే మాలో ఎవరూ చెయ్యని పని. గంపలో విత్తనం కలిసిన ఇంటిని, పంట చేతికి రాకముందు ఊరు దాటించడమూ అంతే. ఆ సంగతి నాయనమ్మకూ తెలుసు, ఆయనకూ తెలుసు. దోసిట్లో గింజలన్నీ కండువాలో పోసి మూట కట్టుకున్నాడు. చివరికి నవ్వాపుకోలేక, "వదినా, నన్ను నిండ ముంచినవ్," అన్నాడు.

అటవీశాఖ వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు ఆయనే ఎదురెళ్లి, వీళ్లు మా ఊరివాళ్లేనని, ఊరి చివర ఇళ్లు వేసుకుంటారని చెప్పాడు. బడి తెరిచిననాడు నేనూ నా నేస్తమూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్లాం. కులం సర్టిఫికెట్ కోసం మాత్రం నా నేస్తం మనవలు ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. అయితే మొన్న గ్రామసభలో వాళ్ల తరఫున మా ఊరంతా చేతులెత్తింది. మొదట లేచిన చెయ్యి ఆ పెద్దాయన మనవడిది.

ఇప్పుడు విత్తనాలు అడిగే పని నాది. ప్రతి ఏడూ ఊరికి అందరికన్నా చివర వచ్చిన ఇంటి ముందే మొదట గంప దించుతాను. వాళ్ల గుప్పెడు అడుగున పడ్డాకే మిగతా ఊరు.