పిన్ని రాసిన తారీఖు

మా బాబాయి మ్యూజియంలో సూదులకు గుచ్చిన తేనెటీగలను ఫోటో తీసి, వాటి కిందున్న చీటీల్లోని వివరాలు కంప్యూటర్లో ఎక్కిస్తాడు. రోజుకు రెండు వందల ఈగలు చేస్తే, బయట నేను రెండు వేలని కోతలు కోస్తాను. మొన్న క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే ఒక్క ఈగ ముందే కూర్చుని ఉన్నాడు.

"ఏం బాబాయ్, ఈగమ్మ ముస్తాబు ఇంకా కాలేదా?"

"మీ పిన్ని పట్టిందిరా ఇది. చీటీ మీద ఏప్రిల్ పన్నెండు అని రాసింది."

అక్కడే పనిచేసిన పిన్ని, ఆ చీటీలో ఉన్న ఏడాదే, ఏప్రిల్ మూడునే హఠాత్తుగా పోయింది. ఆ పెట్టెలో మిగతా చీటీలన్నీ మార్చివే; దీని మీద మార్చికి బదులు పొరపాటున ఏప్రిల్ రాసింది.

"వదిలెయ్ బాబాయ్. కంప్యూటర్లోనైనా పిన్ని ఇంకో తొమ్మిది రోజులు బతుకుతుంది."

"ఈగలు ఏ నెలలో తిరిగాయో రేపు దీన్ని చూసే లెక్కేస్తార్రా. మీ పిన్ని పేరు మీద తప్పుండకూడదు."

సవరణ గడిలో మార్చి అని కొట్టాడు. ఆ ఈగను పెట్టెలో పెట్టాడు గానీ, ఇంకోదాన్ని అందుకోలేక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు.