మెడ పట్టుకుని పాడే పాట

వానకు తడిసిన బొంత వాసన మీకెప్పుడైనా తగిలిందా? పాత చీరల వాసన, పత్తి వాసన, కొంచెం ముక్కిన వాసన కలిసి వస్తుంది. ఈ ఉదయం మానుకోటలో మా పక్కింటివాళ్లు దండెం మీద వేసిన బొంత పక్కనుంచి పోతుంటే గుప్పున తగిలింది. పని మీద పోతున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. నాకది సుగుణక్క గది వాసన.

జనగామలో, కరెంటు మోటార్లకు తీగ చుట్టే దుకాణం మీది గదిలో సుగుణక్క పాటలు రికార్డు చేసేది. కింది చప్పుడు లోపలికి రాకుండా గోడలనిండా పాత బొంతలు వేలాడదీసింది. పాలకుర్తి దగ్గర భూములున్న ఇంటి ఆడపిల్ల. ఇంట్లోవాళ్లు సర్కారు నౌకరీ చూసుకోమంటే పోయి మైకు కొనుక్కుంది. చిల్పూర్ నుంచి పాటలు రాసే ఒక పిల్ల వచ్చేది. భూపాలపల్లి నుంచి బొగ్గుబావి కార్మికుడి కొడుకు గిటార్ వీపుకు తగిలించుకుని బస్సులో వచ్చేవాడు. సినిమా పాటలకు నకళ్లు, బరాత్‌లో దుంకే డీజే పాటలు అక్కడ నడవవు. ఎవరి పాట వాళ్లే కట్టుకురావాలి, ఇంట్లో మాట్లాడినట్టే పాడాలి. అక్కకు ముక్కు మీదే కోపం. తన పాటను పట్నం మాటల్లోకి దిద్దుకొచ్చిన ఒకాయనను మెట్ల మీదనుంచే వెనక్కి పంపింది. సినిమాలల్ల మన మాటను పెట్టి నవ్విందే చాలు, ఇగ మనం కూడా దాచుకుంటే ఎట్ల అని ఆమె వాదన.

నాది దంతాలపల్లి అవతల లంబాడీ తండా. మా పెళ్లిళ్లలో పెళ్లికూతురు అత్తగారింటికి పోయేముందు ఢావ్లో పాడుతుంది. తల్లి మెడ, వదినె మెడ, స్నేహితురాలి మెడ పట్టుకుని ఏడుస్తూ, పుట్టింటిని తలుచుకుంటూ పాడే పాట అది. ఆ వరసలో నేనొక పాట కట్టాను, మిరప కోతలకు వలసపోయే ఆడపిల్ల గురించి. అక్క నన్ను మైకు ముందు నిలబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి తలుపేసింది. బళ్లో పద్యం అప్పజెప్పినట్టు పాడాను. మళ్లీ పాడించింది. మళ్లీ అంతే. పొద్దుగూకేసరికి నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. చివరికి అక్క లోపలికొచ్చి, తండాలో దీన్ని ఎట్లా పాడతారని అడిగింది. చెప్పాను. నెత్తి కొట్టుకుంది.

"నా మతి మండ! గింత సేపు నిన్ను ఒక్కదాన్నే నిలవెట్టిన. రా, నా మెడ పట్టుకో."

నేను వెనక్కి జరిగాను. అక్కవాళ్లలాంటి భూములున్న ఇళ్లకు మావాళ్లు వాకిలి దాకానే పోతారు. అక్కే నా చేతులు పట్టి లాగి తన మెడ చుట్టూ వేసుకుంది. పాట ఎక్కడ దాక్కుందో ఏమో, వచ్చేసింది. ఆ రికార్డులో నా ఏడుపుంది, గాజుల చప్పుడుంది, నడుమ అక్క ముక్కు ఎగబీల్చడం కూడా ఉంది. ఆమె ఒక్కటీ తీసేయలేదు. గిటార్ అబ్బాయి వీడియో తీసి పెడితే అది మా జిల్లాల్లో ఫోను ఫోనుకూ తిరిగింది.

తిరిగి తిరిగి సుగుణక్క అన్న చేతికీ పోయింది. ఆయన సర్పంచిగా నిలబడాలనుకుంటున్న మనిషి. మేం జనగామలో పెట్టబోతున్న పాటల సభకు హాలు ఇప్పించిందీ, ముఖ్య అతిథీ ఆయనే. గదికొచ్చి, నావైపు చూడకుండానే, పిల్లను దూరంగా నిలబడి పాడుకోమను అన్నాడు. తండావాళ్లు మన మెడల మీద పడి ఏడ్చుడేంది, ఊళ్లో తలెత్తుకోవాల్నా వద్దా అని అడిగాడు. పోతూ పోతూ గడపలో ఆగాడు.

"నా మాట కాదంటే ఇగ ఇంటికి రాకు, సుగుణా."

అక్క వైరు చుట్టుకుంటూనే ఉంది. ఆయన పోయాక నేను ఏడ్చాను. ఒక్కదాన్నే పాడతా, నావల్ల నీ ఇల్లు పోవద్దని బతిమాలాను. దానికి ఆమెకు నామీద కోపమొచ్చింది. నీ పాట సంగతి నువ్వు చూసుకో, నా ఇంటి సంగతి నేను చూసుకుంటా అంది.

సభ రోజు హాలు నిండింది. వేదిక మీద శాలువా కప్పుకుని వాళ్లన్న. నేను భయపడి ఒక్కదాన్నే మొదలుపెట్టాను. మళ్లీ అదే, బడిపిల్ల పద్యం. ఎవరో డీజే పెట్టమని అరిచారు, నవ్వులు లేచాయి. సౌండు పెట్టెల వెనకనుంచి అక్క లేచింది. తొందరేమీ లేకుండా నడిచి, వాళ్లన్న కుర్చీ ముందునుంచే వచ్చి, నా చేతులు తీసి మెడకేసుకుంది. పాడమంది. ఆయన శాలువా కుర్చీలో పడేసి దిగిపోయాడు. ఆయన వెళ్తున్నంతసేపూ అక్క గుటకలు మింగడం నా చేతులకు తెలుస్తూనే ఉంది. కాని కదల్లేదు. నేను పాడాను. చివర కూర్చున్న మా తండా ఆడవాళ్లు లేచి అందుకున్నారు.

ఢావ్లో పుట్టిల్లు విడిచే ఆడపిల్ల పాట. ఆ రోజు పాడింది నేను, పుట్టిల్లు విడిచింది పెళ్లికాని సుగుణక్క. గదికి తాళం పడింది. ఇప్పుడామె భూపాలపల్లిలో ఒక కిరాయి ఇంట్లో పిల్లల పాటలు రికార్డు చేస్తుంది. ఇంటినుంచి ఫోను రాలేదు, ఈమె చేయలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందుకే నేనిప్పుడు ఏ ఊళ్లో పాడినా తోడుకు మా తండావాళ్లను పిలవను. ముందు వరసలో కూర్చున్న పెద్దింటి ఆడవాళ్లను చూసి, ఒకరు పైకి రండమ్మా, మీ మెడ పట్టుకుని పాడాలి అంటాను. నిర్వాహకులు గడియారం చూపిస్తారు. చూపించుకోనీ. ఎవరూ లేవకపోతే నిలబడే ఉంటాను. ఇప్పటిదాకా ఎవరో ఒకరు లేవని ఊరు లేదు.