రోశయ్య బావ రాజ్‌దూత్‌కు కార్బొరేటర్

మా బావ రోశయ్యకు అరవై ఏళ్ళు. అందులో ముప్ఫై రెండేళ్ళు మిరపకాయల్లో చెయ్యి పెట్టి బతికాడు. మిరప బస్తాను గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ అంటారు. పైన మెరిసే కాయ పరచి మధ్యలో తెల్లబడ్డ తాలుకాయ కూరే రైతులూ కొందరుంటారు. బావ టిక్కీలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, పిడికెడు కాయ లాగి, వాసన చూసి, చెవి దగ్గర గలగలలాడించి రకం తేల్చేస్తాడు. ఆయన మాటను బట్టే, ఆయన పనిచేసే కొట్టు షావుకారు ధర పెడతాడు. "నన్ను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు" అని పెళ్ళిళ్ళలోనే కాదు, చావు ఇళ్ళలో కూడా చెప్పుకుంటాడు. వినీ వినీ నాకు వెగటు పుట్టింది.

ఆయనకో పాత రాజ్‌దూత్ ఉంది. కోతలు మొదలయ్యాక దాని మీద ఊరూరా కల్లాలు తిరిగి, ఎవరి కాయ ఎలా ఎండుతోందో చూసి షావుకారుకు చెప్పాలి. ఉద్యోగంలో సగం అదే. ఈ ఫిబ్రవరిలో, సరిగ్గా కాయ కల్లాలకు చేరే వేళకు, బండి కార్బొరేటర్ పోయింది. పెట్రోలు పోసింది పోసినట్టు నేలపాలు. కిక్కు కొట్టి కొట్టి బావ మోకాలు వాచింది. షావుకారు మాత్రం ఒకటే మాటన్నాడు.

"సోమవారం పొద్దున్నే కల్లాలకి పోవాలి రోశయ్యా. నీ బండితో కాకపోతే చెప్పు, మా ఉదయ్ కుమార్‌కి స్కూటరుంది."

ఉదయ్ కుమార్ అంటే షావుకారు మేనల్లుడు. తాలుకీ మంచికాయకీ తేడా తెలియదు గానీ స్కూటరుంది. ఒకసారి అతను ఆ పనిలోకి వస్తే బావ ఇక ఇంట్లో కూర్చోవలసిందే. అరవై ఏళ్ళ మనిషిని మళ్ళీ ఎవడు పిలుస్తాడు? కొత్త బండి కొనే తాహతు ఎటూ లేదు. చేతిలో ఉన్నవి శని, ఆదివారాలు. నేను ఆర్టీసీలో కండక్టరుగా రిటైరై ఖాళీగా ఉన్నాను గనక నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

శనివారం గుంటూరులో పాత స్పేర్ పార్టుల కొట్లన్నీ తిరిగాం. సందంతా మడ్డి నూనె కంపు, గుట్కా ఉమ్ములు. ఒక కొట్టువాడు బండి పేరు వినగానే పళ్ళికిలించాడు. ఇంకొకడు ఫోనులోంచి తలెత్తకుండా లేదన్నట్టు చెయ్యి ఊపాడు. మూడోవాడు, మా అక్క పండక్కి తోమిన ఇత్తడి చెంబులా తళతళలాడే కార్బొరేటర్ ఒకటి కాగితంలోంచి తీసి, "ఒరిజినల్ అండి. కంపెనీ మూతబడకముందు మాలు" అన్నాడు.

బావ దాన్ని అందుకున్నాడు. రంగు చూశాడు. వాసన చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏం బావా, ఏ రకం కాయ? తేజానా, బ్యాడిగా?" అన్నాను.

"నోరు ముయ్యరా బాలూ. సరుకు ఏదైనా సరుకే. నా చేతికి తెలుస్తది."

బేరమాడి మరీ కొన్నాడు.

మర్నాడు పొద్దున చిలకలూరిపేటలో నన్నే సాహెబ్ అనే మా పాత మెకానిక్ దాన్ని బల్ల మీద పెట్టి విప్పాడు. లోపల పగులుకు ఎమ్‌సీల్ ముద్ద కూరి ఉంది. పెట్రోలు కొలతగా వదలాల్సిన ఫ్లోటు ఇంకేదో బండిది, సైజు కోసం అంచు కోసేశారు.

"పైన పాలిష్ కొట్టారండి రోశయ్య గారూ. లోపల ఏం లేదు" అన్నాడు సాహెబ్.

బావ చిందులు తొక్కాడు. "దొంగ వెధవలు! ఎదటివాడి నోటికాడ కూడు లాక్కునే జాతి! ఇట్టాంటోళ్ళ చేతులు పడిపోవాలి!" అని రోడ్డు మీద జనం ఆగి చూసేదాకా తిట్టాడు. ఆ తిట్లన్నిటికీ నేనూ వంత పాడాను.

సాహెబ్‌కు జాలేసింది. పర్చూరు అవతల ఆదాం అనే రైతు ఇంట్లో ఇదే బండి ఉందనీ, అది వాళ్ళ నాన్నదనీ, ఆయన పోయాక పక్కన పెట్టేశారనీ చెప్పాడు. "కార్బొరేటర్ మటుకు బంగారమండి. నా చేత్తో నేను బిగించిందే" అన్నాడు. అక్కడే బిగించి చూసుకోవచ్చని, సాహెబ్ దగ్గరే ఉన్న బావ బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వెళ్ళాం. ఆటోవాడు మమ్మల్ని దించి తన దారిన పోయాడు.

ఇంటి పక్కనే కల్లం. ఎర్రటి కాయల రాశి ముందు ఆదాం, అతని భార్య స్తుతి గొంతుక్కూర్చుని తాలు ఏరుతున్నారు. బావను చూడగానే ఆదాం లేచి చేతులు తుడుచుకున్నాడు.

"నమస్కారం రోశయ్య గారూ. మీరు నన్ను గుర్తుపట్టరులెండి. రోజుకి ఎంతమందిని చూస్తారు."

కుర్చీలు వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. సంగతి విని పాకలో పట్టా కింద ఉన్న బండి చూపించాడు.

"తీసుకోండి. నడిపేవాళ్ళెవరూ లేరు. డబ్బులేం వద్దు" అని పానా తీసుకొచ్చాడు. విప్పబోయి ఆగాడు. "ఒక్క మాట చెప్పి తీసుకెళ్ళండి. రెండేళ్ళ కిందట నలభై టిక్కీలు యార్డుకి తెచ్చాను. మీరు చెయ్యి పెట్టి చూసి తాలు కలిపానన్నారు. ధర కోస్తే కోశారు, అది పోయింది. మా ఊళ్ళో మాత్రం ఇప్పటికీ నన్ను తాలు ఆదాం అనే పిలుస్తారు. ఆ కాయంతా మా స్తుతి ఒక్కొక్కటీ ఏరిందండి. నిజంగా ఉందా తాలు?"

ఆ నలభై టిక్కీల సంగతి నాకు తెలుసు. ఆ రోజు రాత్రి భోజనం నేను అక్క వాళ్ళింట్లోనే చేశాను. "ఇయ్యాల పర్చూరు వైపు నించి నలభై టిక్కీలొచ్చినయిరా. అద్దమనుకో. ఒక్క తాలు లేదు. షావుకారు గొంతు సవరించుకున్నాడు, తాలుందని నేను ధర కోసేశాను" అన్నాడు బావ. నేను పెరుగు కలుపుకుంటూ నవ్వాను. బాగా నవ్వాను.

ఇప్పుడు బావ నా వైపు చూడలేదు. ఒక్క మాట చాలు. ఇక్కడ షావుకారు లేడు, యార్డు లేదు, వినేది మేం ముగ్గురమే. లేదనేస్తే ఆయనకు పోయేదేమీ లేదు. కార్బొరేటర్ ఎటూ ఊరికే వస్తోంది.

"ఉంది ఆదాం," అన్నాడు బావ. "ఉంటేనే కదా నేను చెప్పేది."

స్తుతి చేతిలోని కాయలు రాశి మీద వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆదాం పానా తిప్పి పట్టుకున్నాడు.

"సరేలెండి," అన్నాడు.

అయినా విప్పాడు. అదే నేను భరించలేకపోయాను. అరిచి వెళ్ళగొడితే బావుండేది. తువ్వాలు పరిచి, కార్బొరేటర్ స్క్రూలు తీసి, జెట్టు, సూది, ఫ్లోటు వేటికవి విడదీసి వరసగా పెట్టాడు. "లోపల కూడా చూసుకోండి. తర్వాత మాట రాకూడదు" అన్నాడు. మా బావ, ఆ సిగ్గులేని మనిషి, నిజంగానే వంగి ఒక్కొక్కటీ ఎండకు పట్టి చూశాడు. వేలితో రుద్ది చూశాడు. వంక దొరకలేదు. మళ్ళీ కలిపి మా బండికి బిగించి కిక్కు కొడితే బండి మొదటి దెబ్బకే అందుకుంది. ఆదాం వెనక్కి వెళ్ళి రాశి ముందు కూర్చుని, ఒక్కడే ఏరడం మొదలుపెట్టాడు.

నడిచి పోదామనుకున్నాను. పర్చూరు ఏడు కిలోమీటర్లు. మధ్యాహ్నం ఎండ. ఆదివారం ఆ దారిలో బస్సు లేదు. బావ బండి మీద కూర్చుని, "రారా" అన్నాడు. ఎక్కాను. ఎక్కినందుకు నా మీద నాకే రోత పుట్టింది. అయినా పడిపోకుండా ఆయన భుజం పట్టుకున్నాను.

తారు రోడ్డెక్కాక బావకు ప్రాణం లేచొచ్చింది. రేపు ఉదయ్ కుమార్ మొహం చూడాలన్నాడు. గేరు మార్చి, సగం వెనక్కి తిరిగి, "పికప్ చూశావా! అసలు మాలంటే అదిరా. ఎట్టా ఉంది?" అని అడిగాడు.

"బాగుంది బావా," అన్నాను.